పోటీకి నిలిపే ఒంగోలు కోడెదూడకు రంగు వేయవచ్చునా?

తాడికొండ రైతు:

సభ్యులందరికీ నమస్కారం. సంక్రాంతికి మా గుంటూరు చుట్టుపక్కల జరిగే ఒంగోలు జాతి అందాల పోటీలలో మా ఇంట పుట్టిన కోడెదూడను ఈసారి పాలపళ్ల విభాగంలో, అంటే పాలపళ్లు ఇంకా ఊడని దూడల విభాగంలో, నిలపాలనుకుంటున్నాము. దూడకు పదిహేను నెలలు నిండాయి. నిడివి, కాళ్ల నిలకడ, గంగడోలు జారు, మూపురం తీరు చూసినవారందరూ మెచ్చుకుంటున్నారు. లోపమల్లా రంగులోనే ఉంది. ఎడమ తొడ వెనుక అరచేయంత మేర పుట్టుకతో వచ్చిన ఎర్రఛాయ ఇంకా విడవలేదు. తోక కుచ్చులో నల్లని వెంట్రుకల నడుమ ఒక పాయ తెల్లగా దిగింది.

పశువులను పోటీలకు సిద్ధం చేయడంలో చేయి తిరిగిన ఒక పెద్దమనిషి వచ్చి చూశారు. తొడ మీది మచ్చను మందుతో తెలుపు చేసి, కుచ్చుకు మనం తలకు వేసుకునే నల్లరంగు పట్టించి, మెడకూ మూపురానికీ కాస్త మసి రాస్తే దూడకు ఆబోతు కళ వస్తుందని చెప్పారు. మా తమ్ముడు సరేనన్నాడు. మా నాన్నగారు మాత్రం దూడ మీద చేయి వేయనివ్వనన్నారు. కడగడం, దువ్వడం, నూనె రాయడం అందరమూ చేసేవే కదా. అవి ఎక్కడ ముగిసి మోసం ఎక్కడ మొదలవుతుందో అనుభవం ఉన్నవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

కంకిపాడు గిత్తల పెంపకందారు:

తాడికొండ గారూ, మోసం అన్న మాట తొందరపడి వాడవద్దని నా మనవి. పోటీకి నెల రోజుల ముందు నుంచి మనం చేసేదంతా పశువును ఉన్నదానికన్నా మెరుగ్గా చూపడానికే. కుంకుడు రసంతో రుద్ది పేడ మరకలు వదలగొడతాము, గాజుపెంకుతో కొమ్ములు గీకి నూనె పట్టిస్తాము, గిట్టలు అరగదీస్తాము, చివరి కడుగు నీళ్లలో చిటికెడు నీలిమందు కలుపుతాము. వీటికి లేని అభ్యంతరం తోకలోని ఒక పాయకు ఎందుకు రావాలి? అమెరికాలో పోటీలకు తెచ్చే దూడలకు గాలియంత్రంతో ఒళ్లంతా ఆరబెట్టి, ఎముక లావుగా కనబడేటట్లు కాళ్ల వెంట్రుకలను జిగురుతో నిలబెట్టి కత్తిరిస్తారు. అక్కడ అదొక వృత్తి, నేర్చుకునే విద్య.

ఇంకొక మాట కూడా చెప్పాలి. వంద మంది చూస్తుండగా బరిలోకి దిగిన దూడను న్యాయనిర్ణేత చూసేది కొద్ది నిమిషాలే. ఆ తొలిచూపులో ఎర్రమచ్చ కంటబడితే, ఎనిమిది నెలలు ఉలవలూ పత్తిగింజలూ ఉడకబెట్టి పోసిన ఇంటివారి కష్టం కంటికి ఆనదు. కౌలు రైతు ఇంట పుట్టిన దూడకు మచ్చ ఉంటే అది పోటీకి పనికిరాదని ఇంట్లోనే కట్టేసుకోవాలా?

గన్నవరం పశువైద్యుడు:

ఇద్దరి మాటలూ చదివాను. న్యాయాన్యాయాల సంగతి తరువాత. ముందు దూడ చర్మానికి ఏమవుతుందో చెప్పడం నా విధి.

తలకు వేసుకునే నల్లరంగులలో చాలావాటిలోనూ, నల్లగోరింట పేరుతో అమ్మే పొడులలోనూ పారాఫినిలీన్ డయామిన్ అనే రసాయనం ఉంటుంది. అది చర్మాన్ని పొక్కించగలదు. అంతకన్నా పెద్ద భయం మరొకటి ఉంది. మనుషుల్లో అది కడుపులోకి పోయినప్పుడు ముఖమూ గొంతూ వాచి ఊపిరి అందకపోవడం, కండరాలు దెబ్బతిని మూత్రపిండాలు పనిచేయకపోవడం వైద్యులు చూస్తూనే ఉన్నారు. మనిషి తలను మనిషి నాకడు. దూడ తన తొడనూ తోకనూ నాకుతుంది, పక్కన కట్టిన దూడ కూడా నాకుతుంది. మచ్చను తెలుపు చేసే హైడ్రోజన్ పెరాక్సైడ్ వెంట్రుక పైపొరను పెళుసుబార్చి, మీరు నెలల తరబడి తెచ్చిన నిగారింపునే పోగొడుతుంది. బ్లీచింగ్ పొడి వాడినవారిని కూడా చూశాను. పుండు పడిన చోట మొలిచిన వెంట్రుక మళ్లీ మునుపటిలా రాలేదు. ఇదంతా జనవరి మంచులో, తెల్లవారుజామున తడిపి ఆరబెట్టకుండా చేస్తే ఊపిరితిత్తులకు నెమ్ము చేరుతుంది.

రంగు వేస్తే కప్పడిపోయే జబ్బుల గురించి కూడా చెప్పాలి. మేతలో రాగి లోపిస్తే వెంట్రుకల రంగు వెలిసిపోతుంది, నల్లగా ఉండవలసిన చోట తుప్పు రంగు తిరుగుతుంది. తామర సోకితే గుండ్రంగా వెంట్రుక ఊడి బూడిద రంగు పొక్కు కడుతుంది. ఈ రెంటినీ రంగుతో పూసి బరికి తెస్తే మొదటిదానికి వైద్యం అందదు, రెండవది అదే కుంచెతో, అదే దువ్వెనతో పది దూడలకు అంటుకుంటుంది. తాడికొండ గారు చెప్పిన మచ్చ పుట్టుకతో ఉన్నది కనుక లోపం కాకపోవచ్చు. అయినా ఒకసారి చూపించండి. ఎవరో చెప్పారని రాగి పొడి మాత్రం మేతలో కలపకండి. ఎక్కువైతే అది కూడా విషమే. పశువుకు హాని చేసే పదార్థాన్ని బుద్ధిపూర్వకంగా ప్రయోగించడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షను కింద నేరమన్న సంగతి కూడా పోటీదారులు తెలుసుకోవాలి.

కంకిపాడు గిత్తల పెంపకందారు:

డాక్టరు గారు చెప్పిన తరువాత తలరంగు, బ్లీచింగ్ గురించి నేను వాదించను. ఆ రెండూ వద్దు. అయితే నీలిమందు మాటేమిటి? దీపపు మసి మాటేమిటి? వాటివల్ల దూడకు నష్టం లేనప్పుడు అభ్యంతరం దేనికో ఎవరైనా చెప్పాలి.

దుగ్గిరాల పాడి రైతు:

నేను చెబుతాను. నాలుగేళ్ల క్రితం మా ఆవులకు దాటించడానికి ఒక మంచి కోడె కావాలని, ఒక పోటీలో బహుమతి వచ్చిన దూడను మా వారూ నేనూ చూసి బేరం చేశాము. పాలిచ్చే రెండు గేదెలను అమ్మి ఆ డబ్బు కట్టాము. ముట్టె నల్లగా నిగనిగలాడుతూ ఉంది, కుచ్చు కాటుకలా ఉంది. ఇంటికి తెచ్చిన పదో రోజున కుడితి తొట్టిలో మూతి పెట్టి తీసినప్పుడు నీళ్ల మీద నల్లని తెట్టు తేలింది. మరో రెండు నెలలకు కుచ్చు మొదళ్ల నుంచి తెల్లగా దిగింది, ముట్టె మీద మాంసపు రంగు మచ్చ స్పష్టంగా బయటపడింది. అమ్మినవారిని అడిగితే బరిలో అందరూ చూసిన దూడే కదా అన్నారు. చివరకు దాన్ని విత్తనానికి ఉంచలేక, దున్నకానికి ఇచ్చివేశాము. ఇవ్వడానికి మనసు ఒప్పలేదు. ఆ పశువు చేసిన తప్పేమీ లేదు.

కంకిపాడు గారూ, మసి వల్ల ఆ దూడకు నష్టం జరగలేదన్నది నిజమే. మేము మాత్రం రెండు గేదెలను పోగొట్టుకున్నాము.

తెనాలి వాసి (పోటీల నిర్వహణలో పాల్గొన్నవాడిని):

అమ్మా, మీరు చెప్పినదే ఈ చర్చకు మూలమని నేను అనుకుంటున్నాను. పాలపళ్ల విభాగంలో బహుమతి పొందిన కోడె రేపు ఆబోతు అవుతుంది. ఒంగోలు జాతి లక్షణాలలో నల్లని ముట్టె, నల్లని కనురెప్పలు, కంటి చుట్టూ నల్లని వలయం, నల్లని తోక కుచ్చు ముఖ్యమైనవి. తెల్లకుచ్చు, మాంసపు రంగు ముట్టె ఉన్నదానిని జాతి ప్రమాణం అనర్హతగానే లెక్కిస్తుంది. ఇవి తరం నుంచి తరానికి దిగే గుణాలు. మగవాటి మెడ మీద, మూపురం మీద చిక్కబడే మైలరంగు వయసుతో, మగ హార్మోనుతో వచ్చేది. పాలపళ్ల దూడకు మసి రాసి ఆ ఛాయ తేవడమంటే రాని ఈడును చూపడమే. 1960ల తొలినాళ్లలో ఒంగోలు దగ్గరి మన కరవది గ్రామపు ఆబోతు బ్రెజిల్‌కు వెళ్లి, అక్కడ నెల్లూరు (నెలోర్) పేరుతో పిలిచే ఒంగోలు సంతతి మందలకు ఒక మూలపురుషుడైంది. కొన్నవారు దాని ఒంటి మీద చూసినదే దూడలకు దిగింది కనుకనే దాని పేరు అక్కడ నేటికీ నిలిచి ఉంది.

అమెరికా పోలిక గురించి ఒక సవరణ చేయాలి. అక్కడి జాతులకు చలికి దట్టమైన బొచ్చు పెరుగుతుంది కనుక జిగురుకూ కత్తెరకూ పని ఉంటుంది. మన ఒంగోలు పశువుకు వెంట్రుక పొట్టి, పలుచన. పైగా అక్కడ కూడా టెక్సాస్‌లోని కొన్ని పెద్ద ప్రదర్శనలలో కోడెలను పావు అంగుళం మించి బొచ్చు లేకుండా గొరిగించి తీసుకురావాలన్న నిబంధన పెట్టారు. బొచ్చు మాటున ఒళ్లు దాగకూడదన్నదే అందులోని ఉద్దేశం.

నీలిమందును మాత్రం నేను తప్పు పట్టను. పసుపుపచ్చ డాగును కంటికి తెలియనీయకుండా చేయడమే తప్ప అది ఎర్రమచ్చను కప్పలేదు. నేను కోరేది ఒక్కటే: పోటీ నాటి ఉదయం పేరు నమోదు చేసేచోట తడి తెల్లగుడ్డతో ముట్టె, కనురెప్పలు, మెడ, కుచ్చు తుడిచి చూడాలి. మసి అయితే గుడ్డకు అంటుతుంది. తలరంగు గుడ్డకు అంటదు కానీ వెంట్రుకను పాయ తీసి చూస్తే మొదలు ఒక రంగు, కొస ఒక రంగు కనిపిస్తాయి. చెవికి వేసిన గుర్తింపు పోగు (ట్యాగు) మీది పన్నెండు అంకెల సంఖ్యతో పాటు కుచ్చు, ముట్టె రంగులను కూడా ఆ రోజు పుస్తకంలో రాసి పెడితే దుగ్గిరాల అమ్మగారి వంటివారికి రేపు ఒక ఆధారం దొరుకుతుంది.

కంకిపాడు గిత్తల పెంపకందారు:

అమ్మగారి అనుభవం చదివి బాధ కలిగింది. కుచ్చు, ముట్టె విషయంలో నా మాట వెనక్కు తీసుకుంటున్నాను. తొడ మీద అరచేయంత ఎర్రఛాయ విషయంలో మాత్రం తీసుకోను. ఈ జాతిలో దూడలు ఎర్రఛాయతో పుట్టి నెలలు గడిచేకొద్దీ తెల్లబడటం మనం ఎరిగినదే. అక్కడక్కడ ఎర్రని ఒంగోలు పశువులు కూడా ఉన్నాయి, బలంలో అవేమీ తీసిపోవు. రంగు పూయవద్దని రైతును కట్టడి చేసేటప్పుడు, ఆ మచ్చకు ఎన్ని మార్కులు కోస్తారో న్యాయనిర్ణేతలు ముందుగా చెప్పాలి. నడుము నిడివికి, కాళ్ల పొందికకు ఎక్కువ మార్కులూ తొడ మీది ఛాయకు తక్కువ మార్కులూ ఉంటాయని రాతలో ఉంటే రంగు డబ్బా పట్టుకునేవారు వారంతట వారే తగ్గుతారు. తెల్లగుడ్డ పరీక్ష ఒక్కటే పెట్టి మార్కుల పట్టికను దాచి ఉంచితే నష్టపోయేది మళ్లీ చిన్న రైతే.

తెనాలి వాసి:

ఆ మాట సబబే. మార్కుల పట్టికను బరి దగ్గర గోడకు అంటించాలన్న ప్రతిపాదనను మా వారి ముందు పెడతాను. ఒప్పుకుంటారని మాత్రం ఇప్పుడే హామీ ఇవ్వలేను.

తాడికొండ రైతు:

అందరికీ కృతజ్ఞతలు. దుగ్గిరాల అక్కగారు రాసినది మా తమ్ముడికి చదివి వినిపించాను. వాడు కాసేపు మాట్లాడలేదు, తరువాత తెచ్చి ఉంచిన రంగు పొట్లాన్ని తానే తిరిగి ఇచ్చి వచ్చాడు. తోకలోని తెల్లపాయను అలాగే ఉంచి పోటీకి తీసుకువెళుతున్నాము. అది అనర్హత అని తేలితే ఒప్పుకుంటాము, విత్తనానికి అమ్మము. ఎర్రఛాయను డాక్టరు గారికి చూపించడానికి సోమవారం గన్నవరం వస్తున్నాము. తెనాలి గారికి ఒక ప్రశ్న: కొమ్ములకు రాసిన ఆముదం ముఖం మీదికి జారి తెల్లగుడ్డకు జిడ్డు అంటితే దాన్ని రంగుగా లెక్కిస్తారా?

తెనాలి వాసి:

జిడ్డును లెక్కించము. అయినా ముందు రోజు రాత్రే రాసి, ఉదయం పొడిగుడ్డతో తుడిచి తీసుకురండి.