అమ్మ సిటిజన్‌షిప్‌కు ఇప్పుడే అప్లై చేయాలా, ఇంకో రెండేళ్లు ఆగాలా?

నమస్కారమండీ. మేం న్యూజెర్సీలో ఉంటాం. అమ్మకు 57 ఏళ్లు, గ్రీన్‌కార్డు వచ్చి 13 ఏళ్లయింది. సిటిజన్‌షిప్‌కు అప్లై చేద్దామంటే ఇంగ్లీష్ దగ్గరే ఆగిపోతున్నాం.

55 దాటి, గ్రీన్‌కార్డు మీద 15 ఏళ్లు ఉన్నవాళ్లకు ఇంగ్లీష్ పరీక్ష ఉండదు. సివిక్స్ (అమెరికా చరిత్ర, ప్రభుత్వం మీద అడిగే ప్రశ్నలు) జవాబులు ఇంటర్‌ప్రెటర్ సాయంతో తెలుగులోనే చెప్పొచ్చు. కానీ అమ్మకు అన్నాళ్లు ఆగడం ఇష్టం లేదు, పట్టుదలగా చదువుతోంది. మూడిట్లో ఒక వాక్యం చదివితే, ఒకటి రాస్తే చాలు కాబట్టి అది వచ్చేసింది. అసలు భయం ఎన్-400 ఫారం (సిటిజన్‌షిప్ అప్లికేషన్)లోంచి ఆఫీసరు అడిగే ప్రశ్నలు. జవాబు తెలిసినా టెన్షన్‌తో నోరు పెగలదు. ఫెయిలైనా 60 నుంచి 90 రోజుల్లో మళ్లీ ఒక అవకాశం ఇస్తారు కాబట్టి అప్లై చేసేయడమే మంచిదని నాకనిపిస్తోంది. మీ ఇంట్లో పెద్దవాళ్లతో ఎలా ప్రాక్టీస్ చేయించారు? తెలుగులో ఇంటర్వ్యూకు వెళ్లినవాళ్లు ఇంటర్‌ప్రెటర్‌గా ఎవరిని తీసుకెళ్లారు?

ఇంకోటి. తెలుగు మీడియంలో ఇంటర్ చదివిన మా తమ్ముడు ఈమధ్యే గ్రీన్‌కార్డు మీద వచ్చాడు. కమ్యూనిటీ కాలేజీలో టోఫెల్ అడుగుతారా, వాళ్లు పెట్టే ప్లేస్‌మెంట్ టెస్ట్ సరిపోతుందా? ఈఎస్ఎల్ (ఇంగ్లీష్ నేర్పే) క్లాసుల్లో వేస్తే ఆ క్రెడిట్లు డిగ్రీకి కలుస్తాయా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.