అప్‌డేట్: మైనపు బొమ్మ డాక్టర్ సినిమా దొరికింది

పోయిన వారం అడిగాను కదా, నున్నగా గుండు గీయించుకున్న డాక్టర్ ఒకడు మైనపు బొమ్మ ముందు కూర్చుని ఆర్గన్ వాయించే పాత నలుపు తెలుపు సినిమా ఏదని. దొరికింది. 1935లో హాలీవుడ్ స్టూడియో ఎంజీఎం తీసిన ‘మ్యాడ్ లవ్’. చెప్పినవాళ్ళకు థాంక్స్. నిన్న రాత్రే చూసేశాను, గంటా పది నిమిషాలు కూడా లేదు.

నాకు గుర్తున్న కథ సగం తప్పు. బొమ్మ చనిపోయిన భార్యది అనుకున్నాను. కాదు. పారిస్‌లో భయానక నాటకాలు వేసే నటి ఇవోన్‌ది. డాక్టర్ గోగోల్ రోజూ వెళ్ళి ఆమె నాటకం చూస్తాడు. ఆమెకు పెళ్ళయిందని తెలిశాక బొమ్మనే కొని ఇంటికి తెచ్చుకుంటాడు. రైలు ప్రమాదంలో ఆమె భర్త, పియానో వాయించే స్టీఫెన్ చేతులు నుజ్జయిపోతే, గిలటిన్‌కు (తల నరికే యంత్రం) బలైన, కత్తులు విసిరే హంతకుడి చేతులు అతికిస్తాడు గోగోల్. ఇక ఆ చేతులు పియానో మాట వినవు. అప్పులవాడి మీద విసిరిన పెన్ను కత్తిలా వెళ్ళి గుచ్చుకుంటుంది.

గోగోల్‌గా వేసిన పీటర్ లోర్‌కు ఇది మొదటి అమెరికన్ సినిమా అట, నమ్మబుద్ధి కాలేదు. అరవడు, మెల్లగా బతిమాలుతున్నట్టే మాట్లాడతాడు, అదే భయం. దర్శకుడు కార్ల్ ఫ్రాయిండ్ అంతకుముందు జర్మన్ మూకీ ‘మెట్రోపొలిస్’కు కెమెరామన్. ఆ నీడలు ఊరికే రాలేదన్నమాట.

ఒకరు 1924 నాటి మూకీ ‘ద హాండ్స్ ఆఫ్ ఓర్లాక్’ అన్నారు. రెండిటికీ మూలం ఒకే ఫ్రెంచ్ నవల, కానీ నేను వెతికింది అది కాదు. శనివారం దాన్నీ చూస్తా.