సమస్యాపూరణం: తన తనువును దానె మ్రింగి ధన్యతఁ గాంచెన్

నిర్వాహకుని మాట:

పద్యమిత్రులకు నమస్కారం. ఈ వారం మన శ్రీకాకుళం, విజయనగరం బృందానికి ఇస్తున్న సమస్య కందపద్యపు చివరి పాదం.

తన తనువును దానె మ్రింగి ధన్యతఁ గాంచెన్

ప్రాసాక్షరం నకారం, దాని ముందున్నది లఘువు. పూరణకు ఒకే నియమం పెడుతున్నాను. పద్యంలోని ప్రాణి పురాణంలోనిదో, శిల్పంలోనిదో, కథలోనిదో అయిన అపురూప మృగం గాని, వికృతరూపి గాని కావాలి. కర్పూరం, వత్తి, మంచుగడ్డ వంటి సులభమైన దారులు ఈసారి మూసి ఉంచుతున్నాను. తన శరీరాన్ని తానే మింగడం అసంగతం, మింగి ధన్యత పొందడం మరింత అసంగతం. ఆ అసంగతాన్ని మృగం స్వభావంతోనే విప్పాలని నా కోరిక.

ఆమదాలవలస సభ్యుని పూరణ:

కనుఁజూపునఁ బుట్టినదై
తినఁబోవఁగ రాహు వపుడు దేవునిఁ జేరన్
"విను నిన్నే తిను" మన నది
తన తనువును దానె మ్రింగి ధన్యతఁ గాంచెన్.

నిర్వాహకుడు:

కీర్తిముఖాన్ని పట్టుకున్నారు. సమస్య ఇచ్చేటప్పుడు నా మనసులో ఉన్నది కూడా అదే. జలంధరుని దూతగా వచ్చిన రాహువు పార్వతిని అప్పగించమని అడగగా శివుని కనుబొమల నడుమ నుంచి సింహముఖంతో ఒక భూతం పుట్టిందనీ, రాహువు శరణు వేడడంతో దానికి ఆహారం తప్పిపోయిందనీ, ఆకలికి తాళలేక మొరపెట్టుకున్న ఆ భూతాన్ని నీ కాళ్ళూ చేతులూ నీవే తినుమని స్వామి ఆజ్ఞాపించాడనీ శివపురాణం యుద్ధఖండం చెబుతుంది. చివరకు ముఖం మాత్రమే మిగలగా, ఆ విధేయతకు మెచ్చి దానికి కీర్తిముఖమనే పేరు, వాకిట కావలి ఉద్యోగం ఇచ్చాడు. ఇంత కథను నాలుగు పాదాల్లో ఇమడ్చడం సామాన్యం కాదు. "విను నిన్నే తిను" అన్న మాట ఆజ్ఞ ఎంత కఠినమో అంత పొట్టిగా ఉంది.

లోపం ఒక్కటే. ఎవరి కనుచూపో పద్యంలో లేదు. "దేవుని" అంటే ఏ దేవుడైనా కావచ్చు. రెండో పాదాన్ని "తినఁబోవఁగ రాహు వపుడు త్రినయనుఁ జేరన్" అని మారిస్తే శివుడు తెలుస్తాడు, కనుబొమల నడిమి మూడో కన్ను తెలుస్తుంది, మొదటి పాదంలోని కనుచూపుకు ఆధారమూ దొరుకుతుంది.

రాజాం సభ్యురాలు:

అయ్యా, "త్రి" సంయుక్తాక్షరం కదా, దాని ముందున్న "డు" గురువు కాదా? అయితే అక్కడ గణం చెడుతుంది.

నిర్వాహకుడు:

మంచి ప్రశ్న అడిగారమ్మా. "అపుడు", "త్రినయనుఁ" రెండూ విడివిడి పదాలు, సమాసం కాదు. కాబట్టి "డు" లఘువుగానే నిలుస్తుంది. సమస్యలోనే చూడండి, "దానె మ్రింగి" అన్నచోట "నె" లఘువు కాబట్టే, మూడో పాదం నుంచి లెక్కిస్తే ఆరోదైన గణం జగణమై (లఘువు, గురువు, లఘువు) కందం నిలిచింది. ఇక యతి విషయానికి వస్తే "తి"కి "త్రి" చక్కగా సరిపోతుంది.

ఇంకొక్క మాట చెప్పాలి. శ్రీముఖలింగంలో వంశధార ఒడ్డున మధుకేశ్వరాలయానికి వెళ్ళేవారు కళింగశైలి గుడులలో కనిపించే ఈ ముఖాలను తలెత్తి నిదానంగా చూడాలి. మనవాళ్ళు సింహతలాటం అనేది దీనినే. గుడ్లు ఉబికి ఉంటాయి, పై పలువరుస పొడుచుకొని ఉంటుంది, నోటి నుంచి ముత్యాల సరాలు జారుతుంటాయి, కింది దవడ మాత్రం సాధారణంగా ఉండదు. చిన్నప్పుడు అది విరిగిపోయిందనుకునేవాణ్ణి. కథ తెలిశాక, తినడం ఎక్కడ ఆగిందో శిల్పి ఉలీ అక్కడే ఆగిందని నాకు తోచింది. ఆకారంలోని ప్రతి లోటుకూ ఒక కారణం ఉంటుంది, పూరణ చేసేవారు పట్టుకోవలసింది దానినే.

పాలకొండ మాస్టారి పూరణ:

ఘన వజ్రాహతిఁ దలయును
మునుఁగఁగ దేహమున, రామమూర్తిం గనుచున్
దనుసుతుఁడు కబంధుం డటు
తన తనువును దానె మ్రింగి ధన్యతఁ గాంచెన్.

నిర్వాహకుడు:

మాస్టారూ, కబంధుణ్ణి నేను ఊహించనే లేదు. ఇంద్రుని వజ్రం దెబ్బకు తల మొండెంలోకి దిగిపోయి, కడుపులో నోరు, రొమ్మున ఒక కన్ను, యోజనం పొడవు చేతులతో అడవిలో దొరికినదల్లా లాక్కుతినేవాడు. రామలక్ష్మణులు చేతులు నరికి, చితి పేర్చి దహించాక దివ్యరూపం పొంది సుగ్రీవుని జాడ చెప్పాడు. సీతాన్వేషణకు దారి చూపినవాడు గనుక "ధన్యత" అతనికి పూర్తిగా తగుతుంది.

బొబ్బిలి అక్కగారు:

పద్యం ధార బాగుంది గానీ అర్థంలో నాకొక చిక్కు కనిపిస్తోంది. మొండెం తలను మింగింది. తల ఒక్కటి లోపలికి పోతే తనువును తనువే మింగినట్లు ఎలా అవుతుంది?

పాలకొండ మాస్టారు:

అక్కగారి మాట నిజం. వాల్మీకి తల ఒక్కటే అనలేదు, తొడలూ లోపలికి పోయాయన్నాడు. తొందరలో వాటిని వదిలేశాను. మొదటి పాదం "ఘన వజ్రాహతిఁ దల తొడ" అని దిద్దుకుంటున్నాను.

నిర్వాహకుడు:

రెండక్షరాల మార్పుతో ఆక్షేపణ తీరిపోయింది. పైభాగమూ, కిందిభాగమూ నడుమలోకి పోయాయి గనుక ఇప్పుడు "తన తనువును దానె" అన్నది నూటికి నూరుపాళ్ళూ నిజం.

పార్వతీపురం విద్యార్థి పూరణ:

పెను మకరము జలములోన
తన తోఁకయె లతగ మాఱి దంతము సోకన్
ఘన శిల్పి యులిని వెలువడి
తన తనువును దానె మ్రింగి ధన్యతఁ గాంచెన్.

నిర్వాహకుడు:

బాబూ, ఇది నీ మొదటి కందమన్నావు. రెండో పాదం చదివి చాలా సంతోషించాను. మకరం తోక తీగలై, ఆకులై చుట్టుకుంటూ పోవడాన్ని తోరణాల దగ్గర నిలబడి చూసినవాడే అలా రాయగలడు. ఇక తప్పు సంగతి. మొదటి పాదం మూడో గణం "ములోన" జగణమైంది. కందంలో బేసిగణం జగణం కారాదు. అర్థంలోనూ ఇబ్బంది ఉంది, మొదట నీటిలో ఉన్న మకరం మూడో పాదానికి రాతిలోకి ఎలా వచ్చింది? "పెను మకరము తోరణమున" అని చదువుకో. గణమూ కుదురుతుంది, మృగమూ ఉండవలసిన చోట ఉంటుంది.

ఇచ్ఛాపురం సభ్యుని పూరణ:

మునుపర్జును శోధింపఁగ
వనమున నవగుంజరమయి వనజముఁ దాల్చెన్
తన చేయొక్కటి విడి హరి
తన తనువును దానె మ్రింగి ధన్యతఁ గాంచెన్.

మాది సరిహద్దు ఊరు కాబట్టి ఒడియా వారి కథ తెచ్చాను. పదిహేనో శతాబ్దపు సారళాదాసు మహాభారతంలో కృష్ణుడు నవగుంజరమనే ఈ కలగలుపు మృగం రూపంలో అర్జునునికి కనబడతాడు. కోడి తల, నెమలి మెడ, ఎద్దు మూపురం, సింహం నడుము, పాము తోక, ఏనుగు, పులి, గుర్రం కాళ్ళు, నాలుగో కాలి స్థానంలో తామరపువ్వు పట్టిన మనిషి చేయి. కొన్ని బొమ్మల్లో గుర్రానికి బదులు జింక ఉంటుంది. పూరీ గుడి శిఖరం మీది నీలచక్రంపై ఎనిమిది నవగుంజరాలు చెక్కి ఉన్నాయి.

నిర్వాహకుడు:

ఇంతవరకు వచ్చిన మృగాలన్నిటిలో నాకు బాగా నచ్చినది ఇదే. విల్లెత్తిన అర్జునుడు ఆ ఒక్క చేతిని చూసి బాణం దించాడు. మింగడమంటే దాచుకోవడమన్న అర్థం తీసుకోవడమూ సొగసుగా ఉంది. అయితే "ధన్యతఁ గాంచెన్" దగ్గర నా మనసు ఒప్పుకోవడం లేదు. ధన్యత పొందవలసినవాడు అర్జునుడు, హరి కాదు. "మ్రింగి" అన్న క్త్వార్థకం (మింగిన తరువాత అని అర్థమిచ్చే అసమాపక క్రియ) వల్ల మింగినవాడూ, ధన్యుడైనవాడూ ఒకరే కావాలి గనుక వాక్యాన్ని అర్జునునివైపు తిప్పడమూ కుదరదు. నాకు దారి తోచలేదు. ఎవరైనా చెప్పండి.

బొబ్బిలి అక్కగారు:

హరిని కర్తగా తీసేసి మృగాన్ని కర్తగా పెడితే ఎలా ఉంటుందో చూడండి. అర్జునుడు చేతిని గుర్తుపట్టగానే ఆ మృగరూపం పని తీరిపోయింది. తనలో తానే లీనమైపోయింది. స్వామి కొంతసేపు తొడిగిన రూపం గనుక ధన్యత దానికి తగినదే.

మునుపర్జునుఁ జూడఁగ హరి
వనమున నవగుంజరమయి వనజముఁ దాల్చెన్;
కనఁ గరమును నరుఁడు, మృగము
తన తనువును దానె మ్రింగి ధన్యతఁ గాంచెన్.

ఇచ్ఛాపురం సభ్యుడు:

అక్కగారికి నమస్సులు. నా పద్యం తీసివేసి ఇదే ఉంచండి.

నిర్వాహకుడు:

రెండూ ఉంచుతున్నాను, ఒకదాని పక్కన ఒకటి చదివితేనే దిద్దుబాటు విలువ తెలుస్తుంది. మూడో పాదంలో పన్నెండూ లఘువులే. విల్లు జారిన క్షణం ఎంత తేలికగా గడిచిందో ఆ నడక చెబుతోంది.