పొద్దున్నే నీలం పొగ: ఇంజిన్ దించాలా, వాల్వ్ సీల్స్ మారిస్తే చాలా?

మారతహళ్లి_800:
అందరికీ నమస్కారం. నాన్నగారు వాడిన 2006 మోడల్ మారుతి 800 ఇప్పుడు బెంగళూరులో నా దగ్గర ఉంది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే సైలెన్సర్‌లోంచి గుప్పుమని నీలం పొగ వస్తుంది, కాసేపటికి ఆగిపోతుంది. సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్‌లో చాలాసేపు ఇరుక్కుని కదిలినప్పుడు మళ్లీ కొడుతుంది. పికప్ తగ్గలేదు. వెయ్యి కిలోమీటర్లకు పావు లీటరు దాకా ఆయిల్ తాగుతోంది. ఒక మెకానిక్ ఇంజిన్ దించి, బోర్ చేసి (సిలిండర్ లోపలి గోడను గీకి వెడల్పు చేసి), కొత్త పిస్టన్లు, వాటి చుట్టూ ఉండే రింగులు వేయాలంటున్నారు. ఇంకొకాయన చిక్కటి ఆయిల్ పోసి నడిపేయమన్నారు. 15 ఏళ్ల తర్వాత రెన్యూ చేయించిన రిజిస్ట్రేషన్‌కు ఐదేళ్ల గడువు కూడా అయిపోవస్తోంది. బండి అమ్మే ఉద్దేశం లేదు. ఎవరి మాట వినాలి?

జేసీరోడ్_పార్టులు:
దించాల్సిందే సార్. అంత పాత బండికి సగం పని చేయిస్తే రెండుసార్లు లేబర్ కట్టాలి. హెడ్డు, అంటే వాల్వులుండే పై భాగం మాత్రమే బాగుచేస్తే పైన కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) పెరుగుతుంది, కింద పాత రింగులు తట్టుకోలేవు. ఆరు నెలల్లో మళ్లీ అదే పొగ. ఎలాగూ విప్పుతున్నప్పుడు ఒకేసారి అన్నీ వేసేస్తే పదేళ్లు చూడక్కర్లేదు.

కోరమంగళ_రోజూ:
అంత ఖర్చు ఎందుకండీ? 20డబ్ల్యూ50 లాంటి చిక్కటి ఆయిల్ పోయండి, పొగ సగం తగ్గుతుంది. పొల్యూషన్ టెస్ట్‌లో పాస్ అవుతోందా లేదా, అదే ముఖ్యం.

చిత్తూరు_టు_కేఆర్‌పురం:
మారతహళ్లి తమ్ముడూ, దయచేసి ఇంజిన్ ఇప్పుడే దించనివ్వకు. నువ్వు రాసిన నాలుగు మాటల్లోనే సగం జవాబు ఉంది.

పొగ ఎప్పుడు వస్తోందన్నది చూడాలి. వాల్వ్ కాడ గైడ్ అనే సన్నటి గొట్టంలోంచి పైకీ కిందికీ ఆడుతుంది. ఆ గైడ్ మీద టోపీలాగా ఒక చిన్న రబ్బరు సీల్ ఉంటుంది. వేడికి, వయసుకు ఆ రబ్బరు గట్టిపడి కాడను పట్టుకోదు. రాత్రంతా హెడ్డులో నిలిచిన ఆయిల్ గైడ్ వెంట మెల్లగా సిలిండర్‌లోకి దిగుతుంది. పొద్దున స్టార్ట్ చేయగానే అది కాలి నీలం పొగ అవుతుంది, కాలిపోయాక ఆగిపోతుంది. సిల్క్ బోర్డ్ సంగతీ అంతే. ఐడిల్‌లో థ్రాటిల్ మూసి ఉంటుంది కాబట్టి మానిఫోల్డ్‌లో, అంటే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టాల్లో వాక్యూమ్ బలంగా ఉండి, గైడ్‌లలోంచి ఆయిల్‌ను లాగేస్తుంది. నువ్వు యాక్సిలరేటర్ తొక్కగానే పోగైనదంతా ఒక్కసారి కాలుతుంది.

రింగులు పోతే కథ వేరు. ఆ పొగ లోడ్‌తో పెరుగుతుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, నిండా మనుషులతో ఓవర్‌టేక్ చేసేటప్పుడు వెనక నీలం తెర ఆగకుండా వస్తుంది. పికప్ కూడా పడిపోతుంది. నీకు పడలేదంటున్నావు.

తిరుపతి వైపు వెళ్లే పని ఉంటే పలమనేరు దాటాక మొగిలి ఘాట్‌లో ఒక పరీక్ష చెయ్యి. వెనక కారులో తెలిసినవాళ్లను రమ్మను. దిగేటప్పుడు గేర్‌లోనే ఉంచి యాక్సిలరేటర్ వదిలెయ్యి. కిందికి చేరాక ఒక్కసారి తొక్కు. అప్పుడు గుప్పున వచ్చి ఆగిపోతే సీల్స్ మీద అనుమానం బలపడినట్టే.

అయినా కంటితో చూసి తేల్చకూడదు. ముందు బ్రీథర్ పైపు, పీసీవీ వాల్వ్ చూపించు, ఇంజిన్ కింది భాగంలోని ఆవిర్లను మళ్లీ ఇన్‌టేక్‌లోకి పంపేవి ఇవే. పీసీవీ వాల్వ్ తీసి చెవి దగ్గర ఊపితే గలగలమనాలి. అది తెరుచుకునే ఉండిపోతే ఆయిల్ నేరుగా ఇన్‌టేక్‌లోకి పోతుంది. పూడుకుపోతే క్రాంక్‌కేస్‌లో, అంటే ఆ కింది భాగంలో ఒత్తిడి పెరిగి ఆయిల్ దొరికిన సందుల్లోంచి బయటికి నెట్టుకొస్తుంది. చవక వస్తువు ఇది. దీన్ని చూడకుండా బోర్ మాట ఎత్తిన మెకానిక్‌ను నేను నమ్మను.

తర్వాత కంప్రెషన్ టెస్ట్. ఇంజిన్ వేడిగా ఉండాలి, మూడు ప్లగ్గులూ తీసెయ్యాలి, పెట్రోలు, స్పార్క్ కట్ చేసి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచి సెల్ఫ్ కొట్టాలి. సిలిండర్ల మధ్య తేడా సుమారు 10 శాతం లోపు ఉండటం మంచిది. తక్కువ వచ్చిన సిలిండర్‌లో ప్లగ్ రంధ్రంలోంచి ఒక టీస్పూన్ ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. రీడింగ్ బాగా పెరిగితే రింగులు అరిగినట్టు. పెరగకపోతే వాల్వ్ సరిగా కూర్చోవడం లేదనో, గ్యాస్కెట్ లీకనో అనుమానించాలి. సీల్స్ ఈ గేజ్‌లో కనబడవన్నది మర్చిపోవద్దు. గేజ్ బాగుండి పొగ వస్తోందంటే, అప్పుడే సీల్స్ వైపు వేలు చూపాలి.

కోరమంగళ మిత్రులకు ఒక మాట. పెట్రోల్ కారు పొల్యూషన్ టెస్ట్‌లో ఐడిల్ మీద కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు కొలుస్తారు. నీ కారులాంటి బీఎస్-3 (భారత్ స్టేజ్-3 కాలుష్య ప్రమాణం) కారుకు హద్దు మోనాక్సైడ్‌కు 0.5 శాతం, హైడ్రోకార్బన్లకు 750 పీపీఎం. ఇంజిన్ వేడెక్కి, పొద్దుటి పొగ పోయాక కొలిచే ఆ టెస్ట్‌లో పాసైనంత మాత్రాన ఈ జబ్బు లేదని కాదు. చిక్కటి ఆయిల్ లీకును కాస్త నెమ్మదింపజేస్తుందే గానీ గట్టిపడిన రబ్బరును మెత్తబరచదు. ఈలోగా కాలే ఆయిల్‌లోని ఫాస్ఫరస్, జింక్ బూడిద, పొగలోని విష వాయువులను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ మీద పేరుకుంటుంది. అది పోయిందంటే పొల్యూషన్ టెస్ట్‌లో కూడా ఫెయిలవుతుంది.

జేసీ రోడ్ అన్నా, మీరన్న కంప్రెషన్ సమస్య వాల్వులు గ్రైండ్ చేయించి కూర్చోబెట్టినప్పటి మాట. సీల్ మారిస్తే కంప్రెషన్ మారదు కదా! బాగున్న సిలిండర్‌ను బోర్ చేయడమంటే కంపెనీ ఇచ్చిన లోహాన్ని ఊరికే గీకెయ్యడం. అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

జేసీరోడ్_పార్టులు:
సీల్ మారిస్తే కంప్రెషన్ మారదు, ఒప్పుకుంటాను. కానీ గైడ్‌లు అరిగి ఉంటే? వాల్వ్ పక్కలకు ఊగుతుంటే కొత్త సీల్ కూడా ఎక్కువ రోజులు నిలవదు. షాపుకొచ్చేవాళ్లలో ఇలా వాపసు వచ్చేవాళ్లు చాలామంది.

చిత్తూరు_టు_కేఆర్‌పురం:
ఇది సరైన ప్రశ్న అన్నా. అందుకే స్ప్రింగ్ తీసినప్పుడే వాల్వ్ కాడను పక్కలకు కదిపి చూడాలి. చేతికి ఊగుడు తెలుస్తుంటే అక్కడే ఆగి, హెడ్డు దించి లేత్‌లో గైడ్‌లు వేయించాలి. అప్పుడు కూడా రింగుల టెస్ట్ బాగుంటే బ్లాక్, అంటే సిలిండర్లుండే కింది భాగం ముట్టుకోవద్దంటాను.

జేసీరోడ్_పార్టులు:
బ్లాక్ సంగతి మాత్రం నేను ఒప్పుకోను. హెడ్డు దిగాక రింగులు వదిలెయ్యడం నా అనుభవంలో మంచిది కాదు.

మారతహళ్లి_800:
పీసీవీ వాల్వ్ బాగానే ఉందన్నారు. కంప్రెషన్ మూడింటిలోనూ దాదాపు ఒకేలా వచ్చింది, ఆయిల్ పోసి కొలిచినా పెద్దగా పెరగలేదు. హెడ్డు దించకుండానే సీల్స్ మార్చొచ్చంటున్నారు, నిజమేనా? ఏ సీల్స్ కొనాలి?

చిత్తూరు_టు_కేఆర్‌పురం:
మార్చొచ్చు. ప్లగ్ రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి పెట్టి ఉంచితే వాల్వ్ కిందికి జారదు. వాల్వును నొక్కే రాకర్లు తీసి, స్ప్రింగ్ నొక్కి, దాన్ని పట్టి ఉంచే లాక్ ముక్కలు తీస్తారు. అవి చాలా చిన్నవి, జారి ఆయిల్ కిందికి దిగే రంధ్రంలో పడితే కింద ఆయిల్ నిలిచే సంప్ విప్పాల్సి వస్తుంది. ముందే ఆ రంధ్రాల మీద శుభ్రమైన గుడ్డ కప్పమని చెప్పు, దగ్గరుండి చూసుకో. సీల్స్ వైటాన్ రబ్బరువి అడుగు, మామూలు నైట్రైల్ కంటే వేడికి బాగా ఆగుతాయి. పాతవి పారెయ్యనివ్వకుండా తీసుకుని గోరుతో నొక్కు. గట్టిగా, నొక్కుకోకుండా ఉంటే వాటి ఫొటో ఇక్కడ పెట్టు, జేసీ రోడ్ అన్న కూడా చూస్తారు.