ఇరవై మంది ఉన్న కార్యాలయం మెయిల్ సర్వర్‌కు ఎగ్జిమ్‌తోనే ఉండాలా, పోస్ట్‌ఫిక్స్‌కు మారాలా?

అందరికీ నమస్కారం. వరంగల్‌లో ఎనుమాముల మార్కెట్ దగ్గర మిర్చి, పత్తి లెక్కలు చూసే ఒక చిన్న కార్యాలయంలో కంప్యూటర్ల బాధ్యత నాది. ఇరవై మందికి సొంత డొమైన్ మీద మెయిల్ నడపాలని, 4 జీబీ ర్యామ్ ఉన్న పాత యంత్రంలో డెబియన్ లినక్స్ వేసి, మెయిల్ పంపే, అందుకునే ప్రోగ్రామ్‌గా ఎగ్జిమ్ పెట్టాను.

గత వారం మెయిల్‌క్యూ (బయటికి వెళ్లాల్సిన ఉత్తరాల వరుస) చూస్తే, రైతులకు పంపిన తక్‌పట్టీలు (అమ్మకం లెక్కల చీటీలు) నలభై దాకా "కనెక్షన్ టైమ్డ్ అవుట్" అంటూ అక్కడే నిలిచిపోయి ఉన్నాయి. మా ఇంటర్నెట్ సంస్థ, సర్వర్ల మధ్య మెయిల్ వెళ్లే 25వ పోర్టును మూసివేసిందని తేలింది. ఇప్పుడు 587వ పోర్టు ద్వారా బయటి రిలేకు (మన మెయిల్‌ను ముందుకు చేరవేసే సర్వర్‌కు) పంపుతున్నాను, అది కుదిరింది.

అయితే ఆ మార్పు చేయడానికి, డెబియన్ ముక్కలు ముక్కలుగా విడగొట్టిన ఎగ్జిమ్ కాన్ఫిగరేషన్‌లో ఏ ఫైలును ముట్టుకోవాలో తెలుసుకునేసరికి ఒక రోజంతా గడిచింది. 1998లో వీట్సే వెనెమా విడుదల చేసిన పోస్ట్‌ఫిక్స్‌లో పనులన్నీ వేర్వేరు ప్రాసెస్‌లుగా ఉండడం, "పోస్ట్‌కాన్ఫ్ -ఎన్" కొడితే మనం మార్చినవి మాత్రమే కనిపించడం నాకు బాగా నచ్చాయి. నేను లేనప్పుడు మరొకరు చూసుకోవాలంటే ఈ స్పష్టత ఎంతో అవసరం. ఓపెన్‌ఎస్‌ఎమ్‌టీపీడీ అనే మరో మెయిల్ సర్వర్ ఇంకా సులువనిపించింది కానీ, దాన్ని వాడినవారు నాకు పరిచయం లేరు.

పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ (వచ్చిన మెయిల్‌ను వాడుకరులకు అందించేది), ఆర్‌స్పామ్‌డీ (స్పామ్‌ను వడగట్టేది) మూడూ ఈ యంత్రంలో ఇబ్బంది లేకుండా నడుస్తాయా? వైరస్‌లను వెతికే క్లామ్‌ఏవీ ఒక్కటే జీబీకి పైగా మెమరీ తీసుకుంటుంది కాబట్టి దాన్ని వదిలేయవచ్చా? పాత క్యూలోని ఉత్తరాలు పోకుండా మారే పద్ధతిని అనుభవం ఉన్నవారు దయచేసి వివరించగలరు.