పాత అమెరికన్ నోయిర్ నవలల్లో ఆఖర్న గట్టి దెబ్బ కొట్టేవి ఏవి?

చేజ్_అభిమాని:
మా బాబాయి ట్రంకుపెట్టెలో ఉన్న జేమ్స్ హాడ్లీ చేజ్ పుస్తకాలన్నీ అయిపోయాయి, కొన్ని రెండోసారి కూడా. చేజ్ ఇంగ్లండులో కూర్చుని, మ్యాపులూ స్లాంగ్ డిక్షనరీలూ పక్కన పెట్టుకుని అమెరికా కథలు రాశాడంటారు కదా, మరి అసలు అమెరికా వాళ్ళు రాసినవి చదువుదామని ఇప్పుడు బుద్ధి పుట్టింది. 1930ల నుంచి 50ల దాకా వచ్చిన నోయిర్‌లు, అంటే నేరాలూ మోసాలూ నిండిన చీకటి కథలు. రేమండ్ చాండ్లర్ ‘ది బిగ్ స్లీప్’ మొదలెట్టాను, మాటలు అదిరిపోయాయి గానీ ఎవడు ఎవణ్ణి ఎందుకు చంపాడో సగంలోనే లెక్క తప్పింది. నాకు కావాల్సింది కొసమెరుపు. ఆఖరి పేజీల్లో కాళ్ళ కింద భూమి కదలాలి. వీటిలో చాలావాటికి సినిమాలు వచ్చాయి కదా, అవి చూసేశాక పుస్తకంలో ఇంకేమన్నా మిగులుతుందా? దయచేసి ముగింపు మాత్రం చెప్పెయ్యకండి.

నిశాచరుడు:
బిగ్ స్లీప్ లెక్క మీకొక్కరికే తప్పలేదు లెండి. సినిమా తీసేటప్పుడు కథలో చచ్చిపోయే కారు డ్రైవర్ని చంపిందెవరని అడిగితే నాకూ తెలీదన్నాడట చాండ్లర్. ఆయన్ని చదవాల్సింది కొసమెరుపు కోసం కాదు.

మీరు ఐరా లెవిన్ ‘ఎ కిస్ బిఫోర్ డయింగ్’ పట్టుకోండి, 1953లో వచ్చింది. మొదటి భాగమంతా హంతకుడి పక్కనే ఉంటాం. ప్రేమించిన పిల్ల నెల తప్పింది, ఇప్పుడు పెళ్ళి చేసుకుంటే రాగి కంపెనీ యజమాని అయిన వాళ్ళ నాన్న పైసా విదల్చడు, కాబట్టి ఆ పిల్ల అడ్డు తొలగాలి. వాడు ఏం ఆలోచిస్తున్నాడో, ఎక్కడికి వెళుతున్నాడో, ఎక్కడ వణుకుతున్నాడో అన్నీ మనకి తెలుస్తూనే ఉంటాయి, పేరు తప్ప. ‘అతను’ అనే సర్వనామంతోనే అన్ని పేజీలు లాగించేశాడు, కథ వేగంలో పడి ఆ సంగతి మనమూ పట్టించుకోం. రెండో భాగంలో ఆ పిల్ల అక్క కాలేజీ ఊరికి వచ్చి ఆరా తీస్తుంది, అప్పుడు మొదలవుతుంది టెన్షన్, ఎందుకంటే ఆవిడకి ఎదురైన ప్రతి కుర్రాడూ వాడేనేమో అనిపిస్తాడు. ఇంత చేసి, అసలు దెబ్బ ఆఖర్న కాదు, పుస్తకం మధ్యలో పడుతుంది.

సినిమా సంగతి అడిగారు కాబట్టి చెప్తున్నాను, ‘బాజీగర్’కి మూలం ఇదే. షారుఖ్ మొహం ముందే కనిపిస్తుంది కాబట్టి ఈ కిటుకు అక్కడ కుదరదు, వేరే రకంగా నడిపించారు. కాబట్టి బాజీగర్ చూసినా ఫరవాలేదు. 1956 హాలీవుడ్ సినిమా మాత్రం ముందు చూడకండి, అందులో మొహంతో పాటు పేరూ బయటపడిపోతుంది.

బెజవాడ_పాతపుస్తకం:
నా ఓటు బిల్ బాలింజర్ ‘ది టూత్ అండ్ ద నెయిల్’కి (1955). దీని ఆఖరి భాగాన్ని కాగితంతో మూసి, సీలు వేసి అమ్మారు. సీలు చింపకుండా తెచ్చిస్తే డబ్బు వాపసు. పబ్లిసిటీ స్టంటే అనుకోండి, కానీ లోపల సరుకుంది. మొదట్లోనే చెప్పేస్తాడు: ఒక మెజీషియన్ ఒక హత్యకి పగ తీర్చుకున్నాడు, తనూ ఒక హత్య చేశాడు, ఆ ప్రయత్నంలో తనే హత్యకి గురయ్యాడు. ఇంక దాచడానికేముంది అనిపిస్తుంది కదా? తర్వాత ఒక అధ్యాయం కోర్టులో, ఒక అధ్యాయం మెజీషియన్ కథలో, అలా మార్చి మార్చి నడుస్తుంది. ఆ రెండూ ఎక్కడ కలుస్తాయో తెలిసే దాకా పుస్తకం కింద పెట్టలేరు. పాత పుస్తకాల షాపుల్లో చేజ్ కుప్పలుగా ఉంటాడు గానీ బాలింజర్ దొరకడం మహా కష్టం.

ఎర్రబస్సు:
అందరూ ట్విస్టుల వెంట పడితే ఎలాగండీ. నోయిర్‌లో వాడు మునిగిపోతాడని మొదటి పేజీలకే తెలుస్తుంది, ఎటువైపు నుంచి మునుగుతాడన్నదే ఆశ్చర్యం. జేమ్స్ ఎం. కెయిన్ ‘డబుల్ ఇండెమ్నిటీ’ చూడండి, 1936లో లిబర్టీ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఇన్సూరెన్స్ ఏజెంటు ఒకడు ఒకావిడతో కలిసి ఆవిడ మొగుడికి తెలియకుండానే అతని పేరు మీద ప్రమాద బీమా పాలసీ రాయిస్తాడు, రైలు ప్రమాదంలో పోతే రెట్టింపు సొమ్ము అన్న క్లాజు కోసం ఆ చావుని రైలుకి ముడిపెడతాడు. కంపెనీ ఎలా వెతుకుతుందో వాడికి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు, అయినా ఆ లెక్కలే వాడి మెడకి చుట్టుకుంటాయి. 1944 సినిమా గొప్పదే, కానీ పుస్తకం ముగింపు వేరు, నా దృష్టిలో ఇంకా భయంకరం. ఎవరు చంపారో తెలిశాక కూడా మళ్ళీ చదవాలనిపించకపోతే అది వట్టి పొడుపుకథ.

నిశాచరుడు:
ఎర్రబస్సు గారూ, లెవిన్‌ని నేను రెండోసారి చదివినప్పుడే ఎక్కువ ఎంజాయ్ చేశాను. వాడెవడో తెలిశాక ఆ మొదటి భాగం ఇంకో పుస్తకంలా ఉంటుంది. కెయిన్ విషయంలో మీతో గొడవేం లేదు.

అర్ధరాత్రి_చాయ్:
సినిమా చూశాక ఏం మిగులుతుందన్నదానికి ఇంకో ఉదాహరణ. హిచ్‌కాక్ ‘రియర్ విండో’కి మూలం కార్నెల్ వూల్‌రిచ్ 1942లో రాసిన కథ. కిటికీ దగ్గర కూర్చున్న మనిషి గురించి సినిమా మొదట్లోనే తెలిసిపోయే ఒక మామూలు సంగతిని కథలో ఆఖరి మాటల దాకా నోరు విప్పి చెప్పడు. సినిమా చూసినవాళ్ళం ఇదేంటి ఇంకా చెప్పడేం అనుకుంటూ చదువుతాం, అదో సరదా.

ఇంకా గట్టిది కావాలంటే చార్లెస్ విల్‌ఫర్డ్ ‘పికప్’ (1955). శాన్‌ఫ్రాన్సిస్కోలో బొమ్మలు వేయడం మానేసి కాఫీ హోటల్లో పనిచేసే హ్యారీ, తాగుడు మానలేని హెలెన్. హత్య మిస్టరీ ఏమీ కాదు, ఇద్దరూ కలిసి దిగజారిపోవడమే కథ, మధ్యలో విసుగొచ్చినా వదలకండి. చివరి రెండు మూడు వాక్యాలకి అప్పటిదాకా చదివిన ప్రతి సీనూ మారిపోతుంది. నేను వెంటనే మొదటి పేజీకి వెళ్ళి, ఎక్కడైనా క్లూ ఇచ్చాడా అని వెతికాను. ఇచ్చాడు, దొంగ సచ్చినోడు.

చేజ్_అభిమాని:
అందరికీ థాంక్సండీ. లెవిన్ ఆర్డర్ పెట్టేశాను, తర్వాత పికప్. కొత్త ఎడిషన్లలో ముందుమాటలు పెద్దపెద్దవి ఉంటున్నాయి కదా, అవి చదివాకే కథ మొదలెట్టాలా?

అర్ధరాత్రి_చాయ్:
వద్దు బాబోయ్, ఆ రాసేవాళ్ళు పాఠకుడు ఇదివరకే చదివేశాడనుకుని ముగింపు మీదే పేజీలు పేజీలు విశ్లేషణ చేస్తారు. నాకు ఒక మంచి నవల అలాగే చేజారిపోయింది. వెనక అట్ట కూడా చూడకండి, ముందుమాట ఆఖర్న చదువుకోండి.