పూజగదిలో దొరికిన దర్బారు పతకం: ఇలాంటివి కూడబెట్టడంలో ఆకర్షణ ఏమిటి?

ప్రశ్న: బ్రాడీపేట వాసి (గుంటూరు)

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మగారు కాలం చేసిన తరువాత పూజగదిలోని సామాను అన్నదమ్ములం పంచుకున్నప్పుడు, హారతి పళ్లెంతో పాటు ఒక వెండి పతకం నా వంతుకు వచ్చింది. బొమ్మ వైపు కిరీటాలు ధరించిన రాజు, రాణి, వారి చుట్టూ గులాబీల దండ ఉన్నాయి. బొరుసు వైపు ఉర్దూలాగా కనిపించే రాత ఉంది. ఇది అయిదవ జార్జి పట్టాభిషేకాన్ని చాటడానికి 1911లో జరిపిన ఢిల్లీ దర్బారు పతకమని, తాలూకా కచేరీలో గుమాస్తాగా పనిచేసిన మా ముత్తాతగారు స్వయంగా ఢిల్లీ వెళ్లి ఆ రాజును చూసి తెచ్చుకున్నారని మా అమ్మగారు చెప్పేవారు. ఆయన జీవితంలో బెజవాడ దాటి ఉత్తరానికి వెళ్లనే లేదని మా పెద్దన్నయ్య వాదన. పండుగ వచ్చినప్పుడల్లా దీపపు కుందులతో కలిపి దీనిని కూడా చింతపండుతోనూ విభూతితోనూ తోమడం వల్ల రాజుగారి ముక్కు సగం అరిగిపోయింది.

ఇంకొక విచిత్రం కూడా చెప్పాలి. ముత్తాతగారి కుమారుడు, అంటే మా తాతగారు, 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశం జరిగినప్పుడు గాంధీగారిని చూసి వచ్చి, ఆ తరువాత జీవితాంతం ఖద్దరు తప్ప మరొకటి కట్టలేదు. అయినా ఈ పతకాన్ని ఆయన పారవేయలేదు, అమ్ముకోనూ లేదు. ఎందుకు దాచారని అడిగే వయసు అప్పటికి నాకు లేదు.

ఇప్పుడు దీనిని కరిగించి కుంకుమ భరిణె చేయించుకుందామని ఇంట్లో అంటున్నారు. ఒక నగల దుకాణంలో చూపిస్తే తూకం వేసి వెండి ధర మాత్రమే చెప్పారు. అయితే ఇలాంటి పతకాలను పనిగట్టుకుని వెతికి కొనేవారు ఉన్నారని విన్నాను. ఇది చెలామణి అయ్యే నాణెం కాదు, ఒంటి మీద పెట్టుకునే నగ కాదు, పైగా పరాయి రాజు బొమ్మ. వీటిని కూడబెట్టే వారికి ఇందులో కనిపించేది ఏమిటో తెలిసినవారు వివరించగలరని మనవి.

జవాబు: విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు (విజయవాడ)

బ్రాడీపేట వాసి గారికి నమస్కారం. మీ వర్ణన 1911 పతకానికి సరిపోతున్నది. బొరుసు మీద ఉన్నది ఉర్దూ కాదు, పారసీ. హిందూస్థాన చక్రవర్తి, ఆంగ్ల దేశాల ప్రభువు అయిన అయిదవ జార్జి దర్బారు అని దాని భావం. అసలు పతకం అడ్డుకొలత 38.5 మిల్లీమీటర్లు, ముదురు నీలం మీద రెండు సన్నని ఎర్రచారలు గల రిబ్బనుకు అది వేలాడేది. ప్రభుత్వం వీటి అంచు మీద ఎవరి పేరూ చెక్కించలేదు, దర్బారుకు హాజరు కాని కొందరికి కూడా వీటిని ఇచ్చింది. కాబట్టి మీ అమ్మగారి మాట నిజమని గానీ, మీ అన్నయ్యగారి మాట నిజమని గానీ ఈ వెండి బిళ్ల తేల్చి చెప్పదు.

ఇక ఆకర్షణ సంగతి. నాణెం చేతులు మారడానికి పుడుతుంది, అందుకే దాని మీద ఇంత విలువ అని ఉంటుంది. పతకం మీద అటువంటి విలువ ఉండదు. అది ఒక మాట చెప్పడానికే పుడుతుంది, ఆ మాట దానిని కొట్టించినవారిది. ఇటలీలో పిసనెల్లో అనే చిత్రకారుడు 1438 ప్రాంతంలో బైజాంటియం చక్రవర్తి ఎనిమిదవ జాన్ ముఖాన్ని పతకంగా పోతపోసిన నాటి నుండి పతకాల తీరు ఇదే. ఆ మాటకూ, ఆనాడు నిజంగా జరిగిన దానికీ మధ్య ఎంత ఎడం ఉన్నదో చూడటమే నాకు వీటిలో రుచి. ఇతరులకు వెండి, శిల్పం, అరుదుతనం ఇష్టం కావచ్చు; అవి నాకు ఆ తరువాతి సంగతులు.

శ్రీరంగపట్నం పతకం చూడండి. 1799 మే 4న టిప్పు సుల్తాను కోటలో పోరాడుతూ మరణించాడు. ఆ విజయానికి గుర్తుగా ఈస్టిండియా కంపెనీ బర్మింగ్‌హామ్‌లోని మాథ్యూ బోల్టన్ టంకశాలలో పతకాలు కొట్టించింది. బొమ్మ వైపు బ్రిటిష్ సింహం పులిని నేలకేసి అదుముతూ ఉంటుంది. పులి టిప్పు చిహ్నమని చెప్పనక్కరలేదు. సింహం పైనున్న పతాకం మీద మాత్రం ‘జయశీలుడైన దైవసింహం’ అనే అర్థం వచ్చే అరబ్బీ మాటలు ఉంటాయి. ఓడిపోయినవాడి భాషా సంప్రదాయంలోనే వాడి ఓటమిని ప్రకటించిన ఆ తెలివిని గమనించినప్పుడు, ఒక పాఠ్యపుస్తకపు అధ్యాయంలో లేనిది అరచేతిలో ఇమిడే లోహంలో కనిపిస్తుంది. అన్నట్లు, ఈ పతకం హోదాను బట్టి బంగారంలో, వెండిలో, కంచులో, చివరికి తగరంలో కూడా ఇచ్చారు. యుద్ధం అందరిదీ, లోహం మాత్రం ఎవరి స్థాయి వారిది.

1877 జనవరి 1న విక్టోరియాను చక్రవర్తినిగా ప్రకటించిన ఢిల్లీ సభకూ బంగారు, వెండి పతకాలు కొట్టించారు. అవి మెరుస్తున్న ఆ నెలల్లోనే మద్రాసు ప్రెసిడెన్సీలో, ముఖ్యంగా మన రాయలసీమలో, ధాత నామ సంవత్సరపు కరువు జనాన్ని తుడిచిపెడుతున్నది. ఆ పతకం దాని గురించి ఒక్క అక్షరం చెప్పదు. చెప్పకపోవడాన్ని చదవడం నేర్చుకుంటే ఆ పతకమే గొప్ప సాక్ష్యం.

మీ 1911 పతకమూ అంతే. డిసెంబరు 12 నాటి ఆ దర్బారులోనే రాజధానిని కలకత్తా నుండి ఢిల్లీకి మారుస్తామని, వంగదేశ విభజనను రద్దు చేస్తామని ప్రకటించారు. ప్రజల ఆందోళనకు తలవంచిన రోజును పతకం మాత్రం వైభవంగానే చూపిస్తుంది.

మన బందరు రోడ్డులోని బాపు మ్యూజియానికి మీరు వచ్చే ఉంటారు. 1887లో విక్టోరియా పాలన స్వర్ణోత్సవం పేరిట మొదలైన ఆ భవనాన్ని చాలాకాలం విక్టోరియా జూబిలీ మ్యూజియం అనే పిలిచేవారు. రాణి ఉత్సవం పేరిట కట్టిన భవనం చిత్రకారుడు బాపు పేరు ధరించి నిలబడినట్లే, రాజు పతకం మీ ఖద్దరు తాతగారి ఇంట్లో నిలబడింది. అందులో నాకు వైరుధ్యం ఏమీ కనిపించడం లేదు.

జవాబు: పెదకాకాని పాఠకుడు

అధ్యాపకుల మాటల మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. 1832-33లో నందన నామ సంవత్సరపు డొక్కల కరువులో ఒక్క గుంటూరు ప్రాంతంలోనే అయిదు లక్షల జనాభాలో లక్షన్నరకు తగ్గకుండా పోయారని పాత లెక్కలు చెబుతున్నాయి. ఆ చావులకు పతకాలు లేవు. పతకాలన్నీ గెలిచినవారివే అయినప్పుడు వాటిని అద్దాల పెట్టెలో పెట్టి మురిసిపోవడం, వారి మాటను మనం మరొకసారి పలకడమే అవుతుంది. భరిణె చేయించుకుంటే కనీసం రోజూ పనికివస్తుంది.

జవాబు: పాతబిళ్లల సేకర్త (అజిత్‌సింగ్ నగర్, విజయవాడ)

పెదకాకాని పాఠకుడి గారి ఆవేదన న్యాయమైనదే గానీ, పతకాలన్నీ గెలిచినవారివే అన్న మాట పూర్తిగా నిలవదు. 1815లో తంబోరా అగ్నిపర్వతం పేలిన తరువాత ఐరోపాలో పంటలు పోయి, 1816-17లో జర్మను ప్రాంతాలలో తీవ్రమైన కరువు వచ్చింది. అప్పుడు అక్కడి పనివారు ఆకలిగొన్న తల్లీబిడ్డల బొమ్మతో, బొరుసు మీద ధాన్యం, రొట్టె ధరలతో పతకాలు చేసి అమ్మారు. ఫలానా నెలలో ఫలానా గింజలు ఇంత ధర పలికాయని లోహం మీద అచ్చు వేసి పెట్టిన జనం వాళ్లు. మన నందన కరువుకు అటువంటిది లేకపోవడం మన లోటే, పతకం అనే రూపానిది కాదు.

స్వాతంత్ర్యం వచ్చినప్పుడు మన సైనికులకు ఇచ్చిన 1947 పతకాన్ని కూడా ఒకసారి చూడండి. రిబ్బను మీద కాషాయం, తెలుపు, ఆకుపచ్చ. ఒక వైపు అశోకుని సింహాలు, 15 ఆగస్టు 1947 అన్న తేదీ. రెండో వైపు ధర్మచక్రం మీద కిరీటం, చుట్టూ ఆరవ జార్జి బిరుదులు లాటిన్ భాషలో. 1950 జనవరి 26 వరకు మనం ఆయన పేరిట నడిచిన డొమినియన్‌గా ఉన్నామని ఎన్నిసార్లు చదివినా, ఆ బిళ్లను తిప్పి చూసినప్పుడే నాకు బాగా అర్థమైంది.

బ్రాడీపేట వాసి గారూ, ఇక పతకం బాగోగుల గురించి కొంత చెప్పనివ్వండి. ముందుగా తోమడం ఆపించండి. వెండి నల్లబడటం గాలిలోని గంధకపు వాయువుల వల్ల ఏర్పడే పలుచని పొర. అది మురికి కాదు, కింది లోహానికి ఒక రకమైన కప్పు. చింతపండు పులుపు ఆ పొరను తీసివేస్తుంది, విభూతి రేణువులు అసలు వెండినే గీకుతాయి. మీ రాజుగారి ముక్కు పోయింది అందుకే. ప్లాస్టిక్ సంచులలో మెత్తటి పీవీసీ రకం వాడవద్దు. కాలక్రమాన దాని నుండి వచ్చే ఆమ్లం లోహాన్ని ఆకుపచ్చగా తినేస్తుంది. మైలార్ అనే పాలిస్టర్ తొడుగు మంచిది. రబ్బరు బ్యాండు అసలు చుట్టవద్దు. మన కృష్ణాతీరపు తేమకు పెట్టెలో సిలికా జెల్ పొట్లం ఒకటి వేసి, రంగు మారినప్పుడు మార్చుకోండి.

కరిగించే ముందు అది అచ్చుకొట్టిన అసలు పతకమా, దాని నుండి పోతపోసిన నకలా అన్నది తేల్చుకోండి. పోత చల్లారేటప్పుడు కుదించుకుంటుంది కాబట్టి నకలు అడ్డుకొలత రవ్వంత తగ్గుతుంది. భూతద్దంలో చూస్తే బొమ్మ చుట్టూ ఉన్న చదును భాగం మీద సన్నని గుంటలు, అంచు చుట్టూ అతుకు గీత, మొద్దుబారిన అక్షరాలు కనిపిస్తాయి. అరుగుదలకూ మొద్దుతనానికీ తేడా ఉంది: అరిగిన పతకంలో ఎత్తుగా ఉన్న భాగాలు మాత్రమే పోతాయి, పల్లంలోని గీతలు పదునుగానే మిగులుతాయి.

కొనాలని ఉత్సాహం కలిగితే ఒక హెచ్చరిక. కంపెనీ 1818లో కొట్టించిందని చెప్పి రాముడు, హనుమంతుడు ఉన్న రాగి బిళ్లలను మన ప్రాంతంలో లక్షలకు అమ్మజూపుతారు, బియ్యపు గింజలను లాగుతాయని ‘రైస్ పుల్లింగ్’ కథలు అల్లుతారు. మద్రాసు వరహాల మీద విష్ణుమూర్తి బొమ్మ ఉన్న మాట నిజమే, కంపెనీ మద్రాసు నాణేల మీద తెలుగు అక్షరాలు ఉన్న మాటా నిజమే. ఆ కాస్త నిజమే ఈ మోసానికి ఆసరా. ఆ రాముడి బిళ్లలు మాత్రం కంపెనీ నాణేలు కావు. అలాగే నూరేళ్లు దాటిన మీ పతకాన్ని అమెరికాలోని పిల్లలకు పంపాలనుకుంటే ఆగండి. 1972 నాటి పురావస్తువుల చట్టం అటువంటి వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడాన్ని నిషేధించింది.

చివరిగా నా సొంత నష్టం ఒకటి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీరు మా ఇంట్లో రోజుల తరబడి నిలిచినప్పుడు నా పతకాలకు పెద్దగా ఏమీ కాలేదు. కానీ ఏది ఎవరి ఇంటి నుండి వచ్చిందో, వారు ఏమి చెప్పారో ఇరవై ఏళ్లుగా రాసి పెట్టుకున్న చీటీలన్నీ ముద్దయిపోయాయి. ఇప్పుడు ఆ పెట్టెలో ఉన్నవి మంచి పతకాలే, ఎవరివో మాత్రం నాకే తెలియదు. మీరు రాసేవి రెండు ప్రతులు రాసి, ఒకటి వేరేచోట ఉంచండి.

ప్రశ్నించినవారి మాట: బ్రాడీపేట వాసి (గుంటూరు)

అందరికీ కృతజ్ఞతలు. మా అబ్బాయి కళాశాల నుండి వెర్నియర్ కాలిపర్స్ తెచ్చి కొలిచాడు: ముప్పై ఎనిమిదిన్నరకు వెంట్రుకవాసి తక్కువ, అంచు అరుగుదల అంత ఉండవచ్చు. అతుకు గీత లేదు. పారసీ అక్షరాల లోతులు ఇంకా పదునుగానే ఉన్నాయి. ముక్కు సంగతి మీకు తెలిసినదే.

పెదకాకాని పాఠకుడి గారి మాట మా ఇంట్లో చదివి వినిపించాను. మా వదినగారు ఆయన పక్షమే. అయినా భరిణెను వేరే వెండితో చేయిద్దామని ఆమే చెప్పారు. అన్నయ్యకు ఫోను చేసి, ముత్తాతగారు ఢిల్లీ వెళ్లలేదన్న మాటకు ఆధారం అడిగాను. ఆ సంవత్సరం ఆయన జమాబందీ (ఏటా భూమిశిస్తు లెక్కలు తేల్చే) పనులలో కచేరీ వదిలి కదలలేదని తాతగారు చెప్పగా విన్నానని అన్నాడు. అమ్మ చెప్పినది ఒక చీటీ మీద, అన్నయ్య చెప్పినది మరొక చీటీ మీద రాసి, రెండింటినీ పతకంతో పాటు పెడుతున్నాను. ఏది నిజమో నేను రాయడం లేదు.

జవాబు: విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు (విజయవాడ)

మూడవ చీటీ కూడా ఒకటి చేర్చండి. ఏ ఏ పండుగలకు దానిని తోమేవారో, తోమినవారి పేర్లు ఏమిటో గుర్తున్నంతవరకు రాయండి. ఆ ముక్కును అరగదీసింది వారే కనుక, వారి పేర్లు కూడా పతకంతో పాటు ఉండాలి.